గాజు తొట్టెలో మానేటి ఇసుక

కిందటి నెల కరీంనగర్ వెళ్లినప్పుడు మా తమ్ముడి కొడుకు ఇంట్లో దిగాను. పొద్దున చాయ్ తాగి వెనక వరండాలోకి వెళ్లేసరికి కోడలు స్వప్న చున్నీ నడుముకు బిగించి చేపల తొట్టె ముందు కూర్చుని ఉంది. అడుగునున్న నీలం, గులాబీ రంగుల గులకరాళ్లను గిన్నెతో తోడి బకెట్లో పోస్తోంది. పక్కన సన్నటి ఇసుక సంచి. ఎదురుగా నిలబెట్టిన ఫోనులో ఎవరో కుర్రవాడు రాళ్లు తీసి ఇసుక ఎట్లా పోయాలో చెబుతున్నాడు. "అత్తమ్మా, జర దూరం కూసోండ్రి, మస్తు వాసనొస్తుంది" అంది స్వప్న. ఆ వాసన నాకు కొత్త కాదు. రాళ్ల సందుల్లో చేరిన మేత కుళ్లి, నెలల తరబడి కదలకుండా ఉండిపోయిన మురుగు వాసన. పీట జరుపుకొని ఇంకా దగ్గరికే కూర్చున్నాను. "ఇసుక పోసినంక నీళ్లు దాని మీద సీదా పొయ్యకు బిడ్డా. ఒక పళ్లెం పెట్టి, పళ్లెం మీద పొయ్యి. లేకుంటె అంత బురద లేస్తది" అన్నాను. కాసేపటికి ఫోనులో కుర్రవాడు కూడా అదే చెప్పాడు. స్వప్న గిన్నె అట్లాగే పట్టుకొని నావైపు తిరిగింది. "గిది మీకెట్ల తెలుసు?" అంది. "ఈ పని చేసినందుకే నాకు సైన్సు చదువు దొరికింది" అన్నాను. హాస్యానికి అన్నాననుకొని నవ్వింది. నేను నిజమే చెప్పాను. ఆ పూట సగం చెప్పి ఆపేసిన కథను ఇప్పుడు కుదురుగా రాస్తున్నాను.

మా చిన్నప్పుడు మా ఇల్లు కరీంనగర్ బజారు వెనక సందులో ఉండేది. ముందు గది బాపు దుకాణం, వెనక రెండు గదుల్లో మేము. బాపు అంటే మా నాన్న, పేరు మల్లయ్య. పటాలకు చట్రాలు కట్టేవాడు, కిటికీలకు, అల్మారీలకు అద్దాలు బిగించేవాడు. ఆదిలాబాద్ అడవుల నుంచి వచ్చే టేకు చెక్కను చిత్రిక పడుతుంటే ఇల్లంతా ఒక తియ్యటి వాసన కమ్ముకునేది. దాని మీద అద్దాలను చట్రంలో బిగించే లప్పం వాసన. సుద్దపొడిలో అవిసె నూనె పోసి బాపు లప్పం పిసుకుతుంటే, మా అవ్వ, అంటే మా అమ్మ, జొన్నపిండి పిసుకుతున్నట్టే ఉండేది. మా తమ్ముడు పసివాడుగా ఉన్నప్పుడు ఒకసారి ఆ ముద్దను నోట్లో పెట్టుకున్నాడు కూడా. బాపు ఈ పనిని ఒక ముసలి ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నాడు. ఉస్తాద్ పోయాక కూడా అద్దం కోసే ముందు ఆయన పేరు తలచుకొని, ఊపిరి బిగబట్టి, ఒక్క గీత గీసేవాడు. గీత పడ్డ చోట పలక టక్కున విరిగేది. ఎంత జాగ్రత్తగా ఉన్నా వేళ్లు తెగేవి. బాపు కుడిచేతికి ఎప్పుడూ పసుపు అద్దిన ఒక గుడ్డపీలిక ఉండేది. ఏ గాయం ఏ అంచు తగిలి అయిందో చూడగానే చెప్పేవాడు.

ఇంట్లో అందరికన్నా పెద్ద నాయనమ్మ, బాపు తల్లి ఎల్లవ్వ. పుట్టిల్లు, అత్తిల్లు రెండూ గోదారి ఒడ్డునే. పడవ, వల తప్ప వేరే బతుకు ఎరగని ఇళ్లు. తాత చనిపోయాక బాపు ఆమెను పట్నం తెచ్చుకున్నాడు. వచ్చిన కొత్తలో చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. తర్వాత తానే కాలినడకన మానేరు దాకా పోయి చూసొచ్చి, "ఏరు సన్నగున్నది గని మంచిగనే ఉన్నది" అందట. అప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దు పొడవగానే మానేటికి పోయేది, నన్ను వెంటేసుకొని. మిగతా రోజుల్లో గడప పక్కన కూర్చుని, చుట్ట కాలుస్తూ, ఎవరూ అడగకపోయినా వల అల్లుతూ ఉండేది. ఆమెకు ఇంకో అలవాటుండేది. ఏ కుండలో నీళ్లయినా వాసన చూడకుండా తాగేది కాదు. "గివి నిన్నటియి" అనో, "గా బాయిల ఆకు పడ్డది" అనో చెప్పేది. మా అవ్వకు అది చిరాకు. "నీళ్లకు గూడ వాసనుంటదా అత్తా?" అంటే, నాయనమ్మ చుట్ట తీసి, "లేకుంటె చాపకు ఇల్లెట్ల దొర్కుతది?" అనేది. ఆమె నోట చేప చాపయ్యేది. అవ్వ లోపలికి పోయేది.

నేను ఆడపిల్లల బడిలో ఎనిమిదో తరగతి చదువుతున్నాను. ఆంధ్రా, తెలంగాణ కలిసి ఒక రాష్ట్రం అయిన కొత్తలో మాకు సుభద్రమ్మ అని సైన్సు టీచరు వచ్చింది. కోస్తా మనిషి. పాతికేళ్లు కూడా ఉండవు. ఆమె మాట మాకు పుస్తకం చదివినట్టుండేది, మా మాట ఆమెకు పొడుపుకథలా ఉండేది. "లచ్చి రాలే టీచర్, దానికి జెరమొచ్చింది" అంటే మూడుసార్లు అడిగించుకొని, చివరికి నవ్వి, "జ్వరమా!" అంది. కానీ మనిషి పట్టుదల గలది. పాత బల్లలు పడేసే గదిని తానే ఊడ్చి, సున్నం వేయించి, దానికి సైన్సు గది అని పేరు పెట్టింది. తడి దూదిలో చిక్కుడు గింజలు, సీసాలో మందునీళ్లలో ఉంచిన చచ్చిన కప్ప, గోడకు తాను గీసిన గుండె బొమ్మ. అంతకు మించి ఆ గదిలో ఏమీ లేదు. మా బడిలో ఎనిమిది దాటితే సైన్సు లేదు. పై తరగతుల్లో కుట్టుపని, వంట. సైన్సు కావాలంటే మగపిల్లల హైస్కూలుకు పోవాలి, అది ఊరికి ఆ చివరన. మా అవ్వ అప్పటికే తేల్చేసింది. "ఎనిమిదైనంక చాలు తియ్. ఇంట్ల కూసోని మిషిన్ నేర్సుకో." మా బడికి సైన్సు తరగతులు ఇవ్వాలా వద్దా అని చూడటానికి ఇన్‌స్పెక్టరు వస్తాడని తెలిసినప్పటి నుంచి సుభద్రమ్మ టీచరుకు ఒకటే దిగులు. "ఈ గది చూసి ఎవరిస్తారమ్మా? కదిలే ప్రాణి ఒక్కటన్నా ఉండాలి. ఒక అక్వేరియం ఉంటే..." అంది ఒకరోజు. అంటే ఏమిటో ఆమె బోర్డు మీద బొమ్మ వేసి చూపించేలోపే నేను లేచి, "మా బాపు చేస్తడు టీచర్" అన్నాను. బాపును అడగలేదు. అసలు అట్లాంటిది ఎక్కడా చూడనూ లేదు.

బాపు ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. "నీళ్లు బయటికి రాకుంట అద్దాల పెట్టె అంటె మాటలు గాదు బిడ్డా" అన్నాడు గానీ, వద్దనలేదు. కమ్మరి దగ్గర ఇనుప చట్రం చేయించి, నాలుగు పక్కలా మందమైన పలకలు, అడుగున రాతి బిళ్ల బిగించి లప్పం పెట్టాడు. మొదటిసారి నీళ్లు పోస్తే మూలల నుంచి కారాయి. రెండోసారీ కారాయి. మూడోసారి ఒక పక్క నిలిచి ఇంకో పక్క కారాయి. ప్రతిసారీ అంతా విప్పి, గీకి, ఆరబెట్టి మళ్లీ మొదలు. ఇల్లంతా అవిసె నూనె వాసన, అన్నంలో కూడా అదే. నాలుగోసారి పోసిన నీళ్లు మర్నాటి దాకా ఒక్క చుక్క తగ్గలేదు. బాపు కింద గచ్చును అరచేత్తో తుడిచి, ఆ పొడి అరచేతిని దుకాణానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చూపించాడు. "హైదరాబాద్‌ల తప్ప ఎక్కడ గాదన్నరు. సూడు, సుక్క లేదు!" ఆ తొట్టెను నలుగురు మోసుకొని బజారులో పోతుంటే వెనకాల నేను రాణిలా నడిచాను.

అడుగున ఏం వేయాలనేది టీచరు దగ్గరున్న ఇంగ్లీషు పుస్తకంలో ఉంది. అందులోని గ్రావెల్ అనే మాటకు ఆమె కంకర అని అర్థం చెప్పింది. ఆ పుస్తకం రాసినాయన ఊళ్లో ఆ మాటకు ఏ నున్నటి ఏటి రాళ్లో అర్థం కావచ్చు. మా కరీంనగర్‌లో కంకర అంటే నల్లరాతిని సుత్తితో పగలగొట్టిన ముక్కలు. బడి పక్కనే రోడ్డు వేయడానికి పోసిన కుప్ప ఉండేది. అడిగి, గంపలతో మోసుకొచ్చి, రెండు నీళ్లతో కడిగి, జానెడు మందాన పరిచాం. నల్లటి రాళ్ల మీద నీళ్లు మెరుస్తుంటే చూడటానికి గొప్పగా ఉంది. ఆదివారం నాయనమ్మ మానేటిలో పల్చటి పాతగుడ్డ పట్టి చేపలు పట్టిచ్చింది. రెండు పాపెరలు, పాముపిల్లల్లా సన్నగా పొడుగ్గా, కోసైన మూతితో. నాలుగు ఇసుకదొంతులు, మట్టిరంగు ఒంటి మీద మచ్చలతో, నడినెత్తిన కళ్లతో. కుండలో వేసి బడికి తీసుకుపోయాను. మా తరగతి అంతా ఆ వారం చదివింది తక్కువ, చూసింది ఎక్కువ.

పది రోజులు తిరగకముందే ఒక పాపెర చచ్చింది. మూతి దగ్గర తెల్లగా పాచి పట్టినట్టుంది. తర్వాత ఒక దొంతి. "చేపలకి ఏదో జబ్బు చేసినట్టుందమ్మా. ఉప్పు వేద్దాం" అంది టీచరు. ఉప్పు వేశాం. నీళ్లు మార్చాం. రెండో దొంతి కూడా పోయింది. మిగిలినవి రాళ్ల మీద అటూ ఇటూ మూతి కొట్టుకుంటూ, ఎక్కడా ఆగకుండా తిరిగేవి. ఇన్‌స్పెక్టరు వచ్చేది వచ్చే వారమేనని కబురొచ్చింది. "చచ్చిన చేపల్ని చూపించలేం కదా సత్యవతీ. తొట్టె తీసేసి ఆ మూల గుడ్డ కప్పుదాం" అంది టీచరు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఇంటికొచ్చి గడప మీదే కూలబడ్డాను.

నాయనమ్మ వల పక్కన పెట్టింది. "ఏమైంది పోరి?" అంది. చెప్పాను. అంతా విని, "గా చాప పేరేంది?" అంది.

"నీకు తెల్వదా? ఉస్కెదొంతి."

"మరి పేర్లనే ఉస్కె ఉన్నది గదనే. కంకరదొంతి అని ఎవలన్న అంటరా? అది ఉస్కెల దూరి, కండ్లు రెండు బయిట పెట్టుకోని పండుకునే జీవి. పాపెర గూడ అంతే. ఉస్కెల తల పెట్టంది దానికి నిమ్మళం ఉండది. మీరు దాన్ని రోడ్డు మీద పండవెట్టిన్రు."

ఆ మాట విని బాపు లోపలి నుంచే కేకేశాడు. "ఉస్కె అన్న మాట నా దుకాణంల అనకు! అద్దానికి ఉస్కె పగోడు." బయటికి వచ్చి, నాయనమ్మ కుండలు తోమే ఇసుకను చిటికెడు తీసి, ఒక పనికిరాని పలక మీద బొటనవేలితో రుద్దాడు. పలకను వెలుతురుకు ఎత్తి పట్టాడు. వెంట్రుకల్లాంటి గీతలు. "సూసినవా? నెల దినాలల్ల పెట్టె మొత్తం ఖరాబైతది. ఇగ చాప గాదు, ఏనుగున్నా కనబడదు." నాయనమ్మ తడుముకోలేదు. "నువ్వు రుద్దితె గీత పడ్డది. చాప రుద్దుతదా?" అంది. బాపు పలక అక్కడే పెట్టి లోపలికి పోయాడు. నాలుగుసార్లు విప్పి కట్టిన పెట్టె అది. ఆయన బాధ ఇప్పుడు నాకు అర్థమవుతుంది. అప్పుడు మాత్రం చాలా కోపమొచ్చింది.

మర్నాడు రెండో పాపెర కూడా చచ్చింది. దాన్ని మోదుగాకులో చుట్టుకొని ఇంటికి తెచ్చి, బాపు పని చేసే బల్ల మీద పెట్టాను. బాపు ఆకు విప్పాడు. చేపను వేలితో తిప్పి, కళ్లకు దగ్గరగా పెట్టుకొని మూతిని చూశాడు, కడుపు కింద చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇది బీమారి గాదు" అన్నాడు మెల్లగా. "ఇది కోత. సూడు, అంచులు ఎట్లున్నయో. రోగమైతె కరిగినట్టుంటది, ఇది తెగింది. తెగిన కాడ తర్వాత పాచి పట్టింది." తన చూపుడువేలి పీలిక విప్పి, పక్కన పెట్టి చూపించాడు. అదే తెల్లటి అంచు. "బడికాడి నుంచి ఒక కంకరరాయి తెచ్చినవా?" అన్నాడు. నా సంచిలో ఒకటుంది, ఎందుకు వేసుకున్నానో గుర్తు లేదు. దాని అంచు మీద బొటనవేలు నడిపాడు. గట్టిగా నొక్కనైనా లేదు, ఎర్రగా చుక్క వచ్చింది. బాపు ఆ చుక్కను, చేపను మార్చి మార్చి చూశాడు. తర్వాత గడప దగ్గరికి పోయి, తల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఉస్కె ఎంత గావాలె అవ్వా?" అన్నాడు.

ఆ సాయంత్రమే బాపు అంగీ మార్చుకొని, నాతో పాటు సుభద్రమ్మ టీచరు ఉంటున్న గదికి వచ్చాడు. ఆకులో చేప, చేతిలో రాయి. తాను చూసింది చెప్పాడు. ఇసుక పోయాలన్నాడు. నేను మధ్యలో నాయనమ్మ మాటలు చెప్పాను. టీచరు తన పుస్తకం తెరిచి ఆ పేజీ మళ్లీ చదువుకుంది. తర్వాత పుస్తకం మూసి, "ఇది రాసినాయన మానేరు చూసి ఉండడు కదండీ, మల్లయ్యగారూ" అంది. ఆ రోజుల్లో బాపును ఎవరూ గారూ అనేవాళ్లు కాదు. దారి పొడుగునా ఆయన ఆ మాట గురించే నవ్వుకున్నాడు.

ఆదివారం పొద్దున నాయనమ్మ, నేను, బాపు, ముగ్గురం మానేటికి పోయాం. నాయనమ్మ కనబడ్డ ఇసుకంతా తీయనివ్వలేదు. ఒడ్డు ఇసుకలో మన్నుందని, నడిమధ్య ఇసుక మొరటుగా ఉందని వదిలేసి, పాయ మలుపు తిరిగే చోట పిడికిట పట్టి, నీళ్లలో వేళ్లు వదులు చేసి, జారే తీరు చూసి, "గీడ తియ్" అంది. బియ్యపు రవ్వ కన్నా సన్నగా, ఒక్క గరుకు లేకుండా ఉంది. బాపు ఒక పలక ముక్కను వెంట తెచ్చుకున్నాడు. దాని మీద ఇసుక పోసి, రుద్దకుండా నీళ్లతో జార్చి చూశాడు. గీత పడలేదు. రెండు గోనె సంచులు నింపాం.

కడగడం దగ్గర మాకు తెలివి లేకపోయింది. పెరట్లో బాయి దగ్గర బకెట్లో ఇసుక పోసి, నీళ్లు పోసి కలియబెట్టి వంపితే, ఇసుక కూడా కొట్టుకుపోతోంది, నీళ్లు మాత్రం చాయ్ రంగులోనే ఉంటున్నాయి. అవ్వ అప్పటిదాకా మా పని వైపు చూడలేదు. ఆమెకు నా చదువు ఎనిమిదితో ముగిస్తే చాలు, చేపలతో పని లేదు. పొయ్యి దగ్గర నుంచి నాలుగుసార్లు తొంగి చూసింది. అయిదోసారి ఉండలేక వచ్చేసింది. "ఇటియ్యి. గట్లనా కడిగేది?" అని నా చేతిలోది లాక్కుంది. తాను బియ్యం గాలించే వెడల్పు గిన్నెనే తెచ్చింది, పొద్దున నేను అడిగితే ఇవ్వనన్న గిన్నె. దోసెడు ఇసుక వేసి, నీళ్లు పోసి, మణికట్టు తిప్పుతూ గిన్నెను అటూ ఇటూ ఊపింది. పైకి తేలిన బురద నీటిని అంచు మీదుగా పల్చగా జార్చింది. "బియ్యంల కింద మిగిలింది పారవోస్తం. ఉస్కెల మీద తేలింది పారవోస్తం. అంతే ఫరకు" అంది. పొద్దు వాలేదాకా అవ్వ గాలిస్తూనే ఉంది. నేను నీళ్లు చేదాను, బాపు జల్లెడ పట్టి గవ్వలు, పుల్లలు ఏరాడు, నాయనమ్మ ప్రతి గిన్నె వాసన చూసి, "ఇంకోపాలి" అనో, "అయింది" అనో చెప్పింది. చివరికి గాజు గ్లాసులో ఇసుక వేసి నీళ్లు పోస్తే, నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. అవ్వ గ్లాసును తన కళ్ల ముందు తిప్పుకుంది. ఆమె మొహంలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు. "ఎప్పుడొస్తడే గా ఇన్స్‌పెక్టరు?" అని అడిగింది.

సోమవారం బడి వదిలాక తొట్టె ఖాళీ చేశాం. మిగిలిన రెండు దొంతులను పాత నీళ్లతోనే నాయనమ్మ కుండలోకి మార్చాం. రాళ్లను ఒక్కొక్కటిగా చేత్తో తీశాం, అద్దానికి తగలకుండా. అడుగుకు పోయేకొద్దీ ముక్కు మూసుకోవలసి వచ్చింది. వేసిన మేతలో సగం ఆ సందుల్లోకి జారి నల్లగా కుళ్లి ఉంది. కొనగోళ్లు పగిలాయి, నాలుగైదు చోట్ల వేళ్లు తెగాయి. తొట్టె కడిగి, తడి ఇసుకను దోసిళ్లతో రెండు వేళ్ల మందాన పరిచాం. బాపు దాని మీద ఒక మోదుగాకు విస్తరి పరిచి, చెంబుతో విస్తరి మీదే సన్నటి ధారగా పోశాడు. ఎంత జాగ్రత్తగా పోసినా మర్నాటికి కూడా నీళ్లు మజ్జిగలా ఉన్నాయి. పెద్ద టీచరమ్మ, మా బడి హెడ్మిస్ట్రెస్, వచ్చి చూసి, పెదవి విరిచి వెళ్లిపోయింది. "కదిలియ్యకుండ్రి, అదే కూసుంటది" అని నాయనమ్మ కబురు. బుధవారం మధ్యాహ్నానికి నీళ్లు తేరాయి. అడుగున పల్చటి పసుపురంగు ఇసుక, ఏటి అడుగును కోసి తెచ్చి పెట్టినట్టు. ఆదివారమే నాయనమ్మ పట్టిపెట్టిన మూడు కొత్త పాపెరలను, మా రెండు దొంతులను వదిలాం. రెప్ప వేసి తెరిచేలోగా అన్నీ మాయం. ఇసుక ఒకచోట చిన్నగా కదిలింది, అంతే. నేను చప్పట్లు కొట్టాను. సుభద్రమ్మ టీచరు అద్దానికి ముక్కు ఆనించి, రెండు చిన్న కళ్లు ఇసుకలోంచి చూస్తుంటే చూసి, పక్కనున్న నన్ను గట్టిగా పట్టుకుంది. ఇంటికొచ్చి చెబితే నాయనమ్మ, "రేపు పొద్దుగాల మేత ఎయ్యకుండ్రి. ఆకలి మీద ఉండాలె" అంది. ఎందుకో చెప్పలేదు. పెరట్లో తడి మన్ను తవ్వి, నాలుగు ఎర్రలు తీసి ఆకులో చుట్టి నా సంచిలో పెట్టింది. మీరు వానపాములంటారే, అవి.

గురువారం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. షేర్వానీ, టోపీ, చేతికర్ర. వయసు మళ్లిన మనిషి, ఎండలో పడి వచ్చి చిరాకు మీదున్నాడు. చిక్కుడు మొలకలు చూశాడు, కప్పను చూశాడు, గుండె బొమ్మను చూడనైనా లేదు. తొట్టె ముందు ఆగాడు. నీళ్లు, ఇసుక, ఇంకేమీ లేదు. కర్రతో చట్రాన్ని తట్టి, "యే క్యా హై? ఖాళీ డబ్బా?" అన్నాడు. పెద్ద టీచరమ్మ మొహం పాలిపోయింది. సుభద్రమ్మ టీచరు ఏదో చెప్పబోయి, మాట తడబడి, నావైపు చూసింది. ఆయన అప్పుడే గుమ్మం వైపు తిరిగాడు.

"ఖాళీ లేదు సాబ్! అండ్ల అయిదున్నయి!" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

ఆయన వెనక్కి తిరిగాడు. "ఎక్కడున్నయి? నాకు కనబడయి, నీకు కనబడ్తయా?"

సంచిలో ఆకు విప్పి, ఒక ఎర్రను నీళ్లలో వదిలాను. అది మెలికలు తిరుగుతూ కిందికి దిగుతోంది. ఇసుకకు తాకిందో లేదో, ఇసుక పగిలింది. ఒక దొంతి అంత ఎత్తున లేచి ఎర్రను పట్టుకుంది. దాని వెనకాల పాపెరలు మూడు, మూడు చోట్ల నుంచి, నున్నగా, ఒక్క గీత లేని మూతులతో లేచి వచ్చాయి. "అరె వాహ్!" అన్నాడు ఇన్‌స్పెక్టరు. టోపీ అద్దానికి తగిలేదాకా వంగాడు. ఇంకొకటి వేయమన్నాడు. వేశాను. ఇంకొకటి అన్నాడు. నాలుగూ అయిపోయాక కూడా లేవలేదు. "ఎందుకు దాక్కుంటయి?" అని అడిగాడు. చెప్పాను. "ఉసికె ఎందుకు, రాళ్లు ఎందుకు వెయ్యలే?" అన్నాడు. రాళ్లు వేయడం, చేపలు చావడం, కోతలు చూడడం, ఇసుక గాలించడం అంతా ఒక్క ఊపులో, మా ఇంటి మాటలోనే చెప్పేశాను. ఆయన మధ్యలో ఒక్కసారీ ఆపలేదు.

"గివన్ని నీకెవరు చెప్పిన్రు?"

"మా నాయనమ్మ."

"ఏం చదివిందామె?"

"చదువుకోలే సాబ్. ఏటొడ్డున పెరిగింది."

ఆయన తల ఊపి, చేతికర్ర తీసుకొని వెళ్లిపోయాడు. సైన్సు ఇస్తున్నానన్నాడా అని ఇంట్లో అవ్వ అడిగితే, అరె వాహ్ అన్నాడని మాత్రం చెప్పగలిగాను.

అనుమతి కాగితం రావడానికి ఎండాకాలం గడిచింది. ఆ సెలవులంతా మా అవ్వ నాకు మిషను నేర్పించింది గానీ, వారానికోసారి, "బడి కాడికి పోయి అడిగిరా, కాయిదమొచ్చిందేమో" అని తానే తోలేది. వచ్చింది. మా బడికి తొమ్మిదో తరగతిలో సైన్సు వచ్చింది. మొదటి ఏడు పదకొండు మందిమి. తర్వాత నేను పైచదువులకు హైదరాబాద్ పోయాను, జంతుశాస్త్రం చదివాను, రిటైరయ్యేదాకా అదే పాఠం చెప్పాను. నా చేతుల మీదుగా ఎన్ని తొట్టెలు కట్టించానో లెక్క లేదు. ఇప్పుడు కడిగిన ఇసుక సంచుల్లో అమ్ముతున్నారు, నీళ్లు తేర్చే యంత్రాలొచ్చాయి, ఏ చేపకు ఏది కావాలో ఫోను చెబుతుంది. మంచిదే. మా కాలమే గొప్పదని నేను అనను. ఆ కంకర మీద చచ్చిన చేపలు ఊరికే చచ్చాయి, ఎవరైనా ముందే చెప్పి ఉంటే బతికేవి. కాకపోతే ఒక తొట్టె అడుగు మార్చడానికి అద్దం కోసే చెయ్యి, బియ్యం గాలించే చెయ్యి, వల అల్లే చెయ్యి కలిసిన ఆ ఆదివారం లాంటిది నాకు మళ్లీ దొరకలేదు.

తొమ్మిదో తరగతి మొదటి సైన్సు పాఠం రోజున సుభద్రమ్మ టీచరు నాయనమ్మను బడికి పిలిపించింది. ఆమె అప్పటిదాకా ఏ బడి గడపా తొక్కలేదు. గేటు దగ్గర చుట్ట ఆర్పి, రొండిన దోపుకొని, కొంగు నిండా కప్పుకొని వచ్చింది. టీచరు తన కుర్చీ చూపించి, "ఇవాళ మీకు పాఠం ఈవిడ చెబుతారు" అని మాతో అని, వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చుంది, చేతిలో నోటుబుక్కుతో. నాయనమ్మ కుర్చీలో కూర్చోలేదు. తొట్టె పక్కన నిలబడి, కాసేపు మమ్మల్ని, కాసేపు చేపల్ని చూసింది. బెదిరిందేమోనని నేను బల్ల మీంచి సగం లేచాను. "చాప పండుకుంటదా, పండుకోదా? ఎవలన్న చెప్పుండ్రి" అంది ఉన్నట్టుండి. పదకొండు మందిమీ ఒకేసారి అరిచాం. ఇక ఆగలేదు. దొంతికి కళ్లు నెత్తి మీదెందుకున్నాయో, పాపెర మూతి కొస ఇసుకలో ఎట్లా వెతుకుతుందో, వాన రాబోయే ముందు ఏ చేప పైకొస్తుందో, ఏ ఇసుకలో ఏది గుడ్డు పెడుతుందో చెప్పుకుంటూ పోయింది. టీచరు నాలుగైదుసార్లు చెయ్యెత్తి, "ఆ మాట మళ్లీ చెప్పండమ్మా" అని రాసుకుంది. గంట కొట్టారు. ఒక్కరూ లేవలేదు. ఇంకో గంట కూడా కొట్టారు.

ఇంటికొచ్చే దారిలో నాయనమ్మ రొండిన ఉన్న చుట్ట తీసి ముట్టించుకుంది. ఎట్లుంది నాయనమ్మా మా బడి అని అడిగాను. పొగ వదిలి, "గా పంతులమ్మ మంచి పోరి. చెప్తె ఇంటది" అంది. "సదువు అస్తది దానికి."